సామాజిక న్యాయం పుస్తకాలు చదవడం, చదివాక నోరు విప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం కొంతమందిమి నెలకోసారి కలిసి కూర్చుని ఇలాంటి పుస్తకాలు చదువుతుంటాం. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఒకేలా ఉంటాయి. కొన్నిటికి నా దగ్గర గట్టి జవాబులున్నాయి, కొన్నిటికి నేను తప్పు చేసి నేర్చుకున్నవి ఉన్నాయి. రెండూ ఇక్కడ రాస్తున్నాను.

సామాజిక న్యాయం పుస్తకం అంటే అసలు ఏది?

పుట్టుక వల్లో, రంగు వల్లో, ఆడదైనందుకో, శరీరం సహకరించనందుకో, డబ్బు లేనందుకో కొందరికి దక్కాల్సింది దక్కకుండా పోతుంది. అది ఎలా జరుగుతోందో, దానివల్ల ఎవరికి లాభమో, ఎవరు ఎదురు నిలిచారో చూపించే పుస్తకం ఏదైనా ఈ లెక్కలోకే వస్తుంది. ఆత్మకథ కావచ్చు, నాటకం కావచ్చు, కోర్టు తీర్పు కావచ్చు. అట్ట మీద ఆ మాట ఉండాలని లేదు.

నేను ఇప్పటిదాకా ఇలాంటివి చదవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లావు పుస్తకంతో మాత్రం వద్దు. మా దగ్గరికి వచ్చేవాళ్లకు ముందు మానవ హక్కుల విశ్వ ప్రకటన చేతిలో పెడతాం. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. 30 అధికరణలు, అరగంటలో అయిపోతుంది. చదువుతూ, వీటిలో ఏది మీ కళ్ల ముందు రోజూ తప్పిపోతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఒక్కొక్కరి గుర్తు ఒక్కోచోట పడుతుంది. మీరు చదవాల్సిన తర్వాతి పుస్తకం ఆ గుర్తు దగ్గరే దొరుకుతుంది.

ఆ ప్రకటన మొదటి వాక్యం వెనక ఒక కథ ఉంది. ముసాయిదాలో "పురుషులందరూ" స్వేచ్ఛగా, సమానంగా పుడతారు అన్న అర్థంలో రాశారు. అలా రాస్తే అందులో ఆడవాళ్లు కూడా ఉన్నట్టేనని చాలామంది అనుకున్నారు. ఆ ప్రకటన రాసిన కమిషన్‌లో భారత ప్రతినిధిగా ఉన్న హంసా మెహతా ఒప్పుకోలేదు. ఏదో ఒక దేశం దాన్ని అక్షరాలా పట్టుకుని ఆడవాళ్లను బయట పెట్టవచ్చని ఆమె భయం. చివరికి అది "మానవులందరూ" అని మారింది. ఒక్క మాట. ఆమె అంత శ్రద్ధగా చదివింది కాబట్టే ఆ మాట దగ్గర ఆగగలిగింది. మా సర్కిల్‌లో నేను కోరుకునే చదువు అలాంటిదే.

ఎవరు రాసినవి ముందు చదవాలి? పరిశోధకులవా, అనుభవించినవాళ్లవా?

అనుభవించినవాళ్లవే ముందు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పరిశోధకులు చిత్రం మొత్తం చూపిస్తారు, అదీ కావాలి. కానీ ముందు అది చదివితే మనుషులు అంకెలుగానే మనసులో ఉండిపోతారు.

ఫ్రెడరిక్ డగ్లస్ అమెరికాలో బానిసగా పుట్టాడు. బాల్టిమోర్‌లో యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె భర్త చూసి ఆపించాడు, చదువు వస్తే బానిస చేతికి చిక్కడని అన్నాడు. పిల్లవాడికి ఆ క్షణంలోనే విషయం అర్థమైంది: వీళ్లు దేనికి భయపడుతున్నారో నాకు కావాల్సింది అదే. వీధిలో పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి వాళ్ల దగ్గర చదవడం నేర్చుకున్నాడు. సుమారు 12 ఏళ్ల వయసులో 50 సెంట్లు పెట్టి ఒక ఉపన్యాసాల సంకలనం కొన్నాడు. అందులో యజమానికీ బానిసకూ మధ్య ఒక సంభాషణ ఉంది. బానిస ఒక్కొక్క వాదననూ తిప్పికొడతాడు, చివరికి యజమాని అతన్ని విడుదల చేస్తాడు. డగ్లస్ దాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. తర్వాత తన కాలంలో అమెరికాలోని గొప్ప వక్తల్లో ఒకడయ్యాడు.

1845లో తన కథ రాసినప్పుడు యజమానుల పేర్లు, ఊళ్లు అన్నీ రాశాడు. చట్టం దృష్టిలో అప్పటికింకా అతను పారిపోయిన బానిసే. పట్టుకుపోతారన్న భయంతో సముద్రం దాటి బ్రిటన్ వెళ్లాల్సి వచ్చింది. 1846లో అక్కడి మిత్రులు డబ్బు పోగుచేసి అతని స్వేచ్ఛను కొన్నారు. ఇలాంటి పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు, రాసినవాడు ఏం పణంగా పెట్టి రాశాడో ఒక్కసారి తలుచుకుని పేజీ తిప్పండి.

చదువుతుంటే నిద్ర పట్టడం లేదు. కోపం, టెన్షన్. ఏం చేయాలి?

ఆపండి. పుస్తకం ఎక్కడికీ పోదు. రాత్రి పడుకునేముందు హింస గురించిన అధ్యాయాలు చదవద్దు, పగలు చదవండి. మీరు స్వయంగా అలాంటిది అనుభవించినవాళ్లయితే కొన్ని పేజీలు దాటేసే హక్కు మీకుంది. మా సర్కిల్‌లో ఎవరైనా "ఈ అధ్యాయం నేను చదవలేను" అంటే ఎందుకని అడగం.

కోపం వేరు. అది రావాలి. కానీ కోపం వచ్చిన రోజే పోస్టు పెట్టకండి, ఎవరితోనూ గొడవకు దిగకండి. పుస్తకం చివరి తెల్లపేజీలో రాసుకోండి. వారం తర్వాత చూస్తే అందులో ఏది ఆవేశమో ఏది వివరమో తెలిసిపోతుంది. వివరం మిగిలితే దాచుకోండి, తర్వాత పనికొచ్చేది అదే.

తప్పు చేసినవాళ్లలో మావాళ్లే ఉన్నారు. చదువుతుంటే గిల్టీగా అనిపిస్తోంది.

అనిపించడం సహజం. అనిపించకపోతేనే నేను కంగారుపడతాను. అయితే ఆ బాధను తీసుకెళ్లి, దెబ్బ తిన్నవాళ్ల ముందు కూర్చుని "నాకెంత బాధగా ఉందో" అని చెప్పుకోకండి. అప్పుడు వాళ్లు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. తాతలు చేసినదానికి మీరు దోషి కాదు. దానివల్ల ఇవాళ మీకు దక్కుతున్న సౌకర్యం ఏమిటన్నది మాత్రం మీరు చూసుకోవాల్సిన లెక్కే.

నవలలు, నాటకాలు చదివితే ఉపయోగం ఉంటుందా? అవి కల్పన కదా?

ఉంటుంది. కాకపోతే రచయిత అనుకున్నచోటే తగులుతుందని లేదు. అప్టన్ సింక్లేర్ 1904లో షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో ఏడు వారాలు తిరిగి అక్కడి కార్మికుల బతుకు మీద నవల రాశాడు. 1906లో పుస్తకంగా వచ్చింది. పాఠకులు చదివి నిజంగానే అట్టుడికిపోయారు, అయితే కార్మికుల గురించి కాదు, తాము తినే మాంసంలో ఏం కలుస్తోందో అని. అదే ఏడాది అమెరికాలో మాంసం తనిఖీ చట్టం, ఆహారం మందుల కల్తీ మీద మరో చట్టం వచ్చాయి. కార్మికుడి కష్టం మాత్రం అలాగే ఉండిపోయింది. పాఠకుడు తనకు తగిలే ముక్కనే పట్టుకుంటాడని రచయితకు చాలా బాధగా తెలిసొచ్చింది. అందుకే మేం ప్రతి నవల తర్వాత ఒక ప్రశ్న వేసుకుంటాం: ఇందులో నాకు తగిలింది ఏది? తగలాల్సింది ఏది?

గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" ఇంకో దారి చూపిస్తుంది. నాటకం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. నాటకం చూసి నవ్వుకున్నవాళ్లలో చాలామంది ముందుమాట చదివి ఉండరు. డబ్బు తీసుకుని ఆడపిల్లలకు చేసిన పెళ్లిళ్ల జాబితా ఒకటి విజయనగరం మహారాజు తయారు చేయించాడని గురజాడ అందులో రాశాడు. విశాఖ ప్రాంతంలో మూడేళ్లలో అలాంటివి 1,034. వాళ్లలో 99 మందికి ఐదేళ్ల వయసు, ముగ్గురికి ఏడాది. ఆ అంకెలు చదివాక మళ్లీ నాటకంలోకి వెళ్లి చూడండి, నవ్వు గొంతులో ఆగిపోతుంది. కథ, లెక్క రెండూ ఒకే అట్టలో ఉన్నాయి కాబట్టి ఏదో ఒకటి పట్టుకుంటుంది.

పుస్తకంలో రాసింది నిజమేనని ఎలా నమ్మాలి?

నమ్మాలని ఎవరూ అనలేదు, చూసుకోండి. రచయితకు ఆ సమాచారం ఎలా తెలిసింది, తను చూశాడా, విన్నాడా, పత్రాల్లోంచి తీశాడా? అవతలివాళ్లు ఏమన్నారో రాశాడా? మీరు ఒప్పుకునే వాదన ఉన్న పుస్తకాన్ని మరింత గట్టిగా తనిఖీ చేయండి. మనకు నచ్చినదాన్ని మనం సులభంగా వదిలేస్తాం.

ఈ విషయంలో నేను గురువుగా తలుచుకునేది అమెరికాలోని నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్‌ని. 1892లో మెంఫిస్ నగరంలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌ని, అతనితోపాటు మరో ఇద్దరిని తెల్లవాళ్ల గుంపు చంపేసింది. ముగ్గురూ నల్లజాతివాళ్లు, కిరాణా కొట్టు నడిపేవాళ్లు. పోటీగా ఉన్న తెల్లవాడి కొట్టుకు బేరం తగ్గింది. ఇలాంటి హత్యలన్నీ తెల్ల ఆడవాళ్ల మానరక్షణ కోసమేనని పత్రికలు రాసేవి. వెల్స్ ఒక్కొక్క ఘటననూ వెతికి, ఊళ్లు తిరిగి, అసలు కారణాలు వేరని బయటపెట్టింది. లెక్కలు కూడా ఎక్కడినుంచి తీసుకుంది? తెల్లవాళ్లు నడిపే షికాగో పత్రిక అచ్చువేసిన జాబితాల నుంచి. "నీ సొంత లెక్కలు చెబుతున్నావు" అని ఎవరూ అనలేని చోటు నుంచి. అదే ఏడాది గుంపు ఆమె పత్రికాఫీసును ధ్వంసం చేసింది, మెంఫిస్‌కు తిరిగి వస్తే ప్రాణం దక్కదని బెదిరించారు. ఆమె వేరే నగరాల నుంచి రాస్తూనే పోయింది.

ఒంటరిగా చదవాలా, కలిసి చదవాలా?

మొదటిసారి ఒంటరిగా, రెండోసారి కలిసి. కలిసి చదివేటప్పుడు ఆరుగురు ఏడుగురు చాలు. పదిమంది దాటితే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు తలలూపుతారు. బాగా చదువుకున్నవాళ్లను చివర మాట్లాడమని ముందే చెప్పాలి. ఇది మొహమాటంగా ఉంటుంది గానీ తప్పదు.

పుస్తకం పూర్తి చేయనివాళ్లు రావచ్చా అని తరచుగా అడుగుతారు. తప్పకుండా రండి. అసలు చదవడమే రాని పెద్దవాళ్లతో గొప్ప చదువు నడిచిన సందర్భాలున్నాయి. అమెరికాలోని దక్షిణ కరొలైనాలో అప్పట్లో ఓటు నమోదు కావాలంటే చదవడం వచ్చని పరీక్షలో నిరూపించుకోవాల్సి వచ్చేది. నల్లజాతివాళ్లను ఓటుకు దూరం పెట్టడానికే ఆ పరీక్ష. 1957లో జాన్స్ ఐలాండ్ అనే దీవిలో పెద్దవాళ్ల కోసం తరగతి మొదలైంది. పాఠం చెప్పడానికి వచ్చిన బెర్నీస్ రాబిన్సన్ టీచర్ కాదు, బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ. కావాలనే అలాంటి మనిషిని ఎంచుకున్నారు. ఆవిడ మొదటిరోజు పాఠం చెప్పలేదు, మీకు ఏం నేర్చుకోవాలని ఉందని అడిగింది. పేరు రాయడం, బైబిల్ చదవడం, మనియార్డర్ ఫారం నింపడం అన్నారు. అక్కడినుంచే మొదలుపెట్టి ఓటు నమోదు దాకా తీసుకెళ్లింది. ఆ నమూనా తర్వాత దక్షిణాది రాష్ట్రాలంతటా పాకింది.

మా సర్కిల్‌లో ఎవరికి ఏం అర్థమైందని అడగడం మానేశాం. "నీ జీవితంలో ఇది ఎక్కడ చూశావు?" అని అడుగుతున్నాం. మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని మధ్యలో చెడగొట్టకూడదు.

పుస్తకం చదివితే లోకం మారిపోతుందా?

చదివితేనే మారదు. 1787 మే 22న లండన్‌లో ఒక ప్రింటింగ్ షాపులో పన్నెండుమంది కూర్చుని, బానిసల వ్యాపారాన్ని ఆపించాలని కమిటీ వేసుకున్నారు. వాళ్లలో థామస్ క్లార్క్‌సన్ అనే యువకుడు విశ్వవిద్యాలయంలో ఒక వ్యాసాల పోటీ కోసం ఈ విషయం చదవడం మొదలుపెట్టినవాడు. బహుమతి వచ్చింది, అయినా చదివింది అతన్ని వదల్లేదు. రేవు పట్టణాలు తిరిగి నావికులను కలిసి వివరాలు రాసుకున్నాడు. లివర్‌పూల్‌లో ఒక దుకాణంలో చేతి సంకెళ్లు, వేళ్లు నొక్కే మరలు బహిరంగంగా అమ్ముతుంటే కొని, సభల్లో బల్ల మీద పెట్టి చూపించేవాడు.

వాళ్లు వేసిన ఒక పోస్టర్ చూడండి. బ్రూక్స్ అనే ఓడ నమూనా చిత్రం. అడుగు అంతస్తులో మనుషుల్ని వరసగా ఎలా పడుకోబెడతారో గీశారు. ఒక్కో మగవాడికి ఆరడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు చోటు. చట్టం ప్రకారం 454 మందిని ఎక్కించవచ్చు. అంతకుముందు అదే ఓడ 609 మందిని మోసిందని పోస్టరే చెప్పింది. స్కేలు తీసుకుని 16 అంగుళాలు నేల మీద గీసి, అందులో పడుకుని చూడండి. మేం ఒకసారి చేశాం, మోచేతులు పక్కకు పెట్టడానికి వీల్లేదు. ఆ కొలతలకు తిట్లు జోడించాల్సిన పని లేదు.

ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ బ్రిటన్‌లో 1807లో చట్టం వచ్చింది. బానిసత్వం రద్దు చేసే చట్టానికి 1833 దాకా పట్టింది. ఆ చట్టం కింద 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చారు, అదీ యజమానులకు. బానిసలకు ఏమీ ఇవ్వలేదు. గెలుపు గురించి చదివేటప్పుడు ఈ వాక్యం కూడా చదవాలి.

నాకు జరగని అన్యాయం గురించి మాట్లాడే అర్హత నాకుందా?

ఉంది, కానీ అడిగి మాట్లాడాలి. ఇది నేను ఖరీదు పెట్టి నేర్చుకున్నది. ఆ ఖరీదు నేను కాదు, ఇంకొకరు కట్టారు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లు మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని బాక్సులు తెరిచేవాళ్లు. క్యాంటీన్‌లో కూర్చోవద్దని రూలేమీ లేదు. కూర్చుంటే సూపర్‌వైజర్ చూసే చూపు ఒకటి ఉండేది, అంతే. నేను అప్పుడే ఒక పుస్తకం చదివి వేడి మీద ఉన్నాను. నెలవారీ మీటింగ్‌లో లేచి, ఒకావిడ పేరు చెప్పి మరీ అడిగాను, ఆవిడ మెట్ల కింద ఎందుకు తినాలని. అందరూ మెచ్చుకున్నారు. పదిరోజులు తిరక్కుండా ఆవిడను దూరంగా ఉన్న ఇంకో బిల్డింగ్‌కి మార్చారు. రెండు బస్సులు మారాలి. వెళ్లేముందు నా సీటు దగ్గరికి వచ్చి, "ఒక్కమాట నన్నడిగి ఉంటే బాగుండేది మేడమ్" అంది. ఇంకేమీ అనలేదు.

తర్వాత మిగిలినవాళ్లను అడిగాను. వాళ్లకు క్యాంటీన్ అక్కర్లేదు. తలుపు వేసుకోగల ఒక గది కావాలి, అరగంట కాళ్లు చాపుకోవాలి, బాక్సులు పెట్టుకోవడానికి ఒక అలమర కావాలి. ఇది నా పుస్తకంలో లేదు.

వికలాంగుల ఉద్యమంలో ఒక నినాదం ఉంది: మా గురించి, మేం లేకుండా ఏదీ వద్దు. మాట్లాడేముందు మూడు విషయాలు తెలుసుకోండి. వాళ్లకు ఏం కావాలి, పేరు చెప్పవచ్చా, నష్టం వస్తే ఎవరికి వస్తుంది. మూడోదానికి జవాబు "వాళ్లకే" అయితే వాళ్లు సరేనన్నదాకా నోరు కట్టేసుకోవాలి.

ఎవరైనా నా ముందే అవమానించే మాట అంటే అక్కడికక్కడ ఏమనాలి?

పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "ఆ మాట నాకు నచ్చలేదు" చాలు. లేదా "అంటే ఏమిటి? నాకు అర్థం కాలేదు" అని అడగండి, జోకు వివరించాల్సి వస్తే అది అక్కడే చచ్చిపోతుంది. మాట పడినవాళ్లు పక్కనే ఉంటే ముందు వాళ్ల వైపు తిరగండి, అన్నవాడి వైపు తర్వాత. మీకు అప్పుడు నోరు రాకపోతే మర్నాడు చెప్పండి. ఆలస్యమైనా చెప్పిన మాట చెప్పినట్టే.

ఇంట్లో పెద్దవాళ్లతో ఈ మాటలు ఎలా మాట్లాడాలి?

పదిమంది ముందు వద్దు. ఒక్కరే ఉన్నప్పుడు, పుస్తకాల మాటలు వాడకుండా. "మీ చిన్నప్పుడు ఇది ఎలా ఉండేది?" అని మొదలుపెడితే చాలాసార్లు వాళ్లే మనకు తెలియనిది చెబుతారు. మా అమ్మను ఇలా అడిగితే, తను చదువు ఎందుకు ఆపేయాల్సి వచ్చిందో మొదటిసారి చెప్పింది. అంతకుముందు నేను తనకు ఆడవాళ్ల హక్కుల మీద క్లాసు తీసుకునేదాన్ని.

ఉత్తరం గానీ వినతిపత్రం గానీ ఎలా రాస్తే ఎవరైనా పట్టించుకుంటారు?

ఒక పేజీ దాటకూడదు. ఏం జరుగుతోంది, ఎన్నాళ్లుగా, ఎంతమందికి, మీరు కోరేది ఏమిటి, ఎప్పటిలోగా. కోరిక ఒక్కటే ఉండాలి. అది ఆ ఉత్తరం అందుకున్న మనిషి చేయగలిగింది అయ్యుండాలి. "వివక్ష పోవాలి" అంటే ఎవరూ ఏమీ చేయరు. మేం పైన చెప్పిన ఆఫీసులో రెండోసారి రాసిన ఉత్తరంలో ఇలా ఉంది: "రెండో అంతస్తులో పాత ఫైళ్లున్న గదిని ఖాళీ చేయించి, మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా హౌస్‌కీపింగ్ సిబ్బందికి ఇవ్వాలి. ఒక ఫ్యాను, ఒక అలమర కావాలి." హౌస్‌కీపింగ్ వాళ్లు తమ పేర్లు వద్దన్నారు, అందుకే మిగతా సిబ్బంది పద్నాలుగుమందిమి సంతకం పెట్టాం. నాలుగు నెలలు పట్టింది, మూడుసార్లు గుర్తు చేశాం, గది వచ్చింది. మొదటావిడ మాత్రం అప్పటికే ఉద్యోగం మానేసింది.

సంతకాల విషయంలో న్యూజిలాండ్ ఆడవాళ్లను మించినవాళ్లు లేరు. ఓటు హక్కు కోసం 1891లో 9 వేలకు పైగా సంతకాలు ఇచ్చారు, పని జరగలేదు. 1892లో దాదాపు 20 వేలు, అప్పుడూ జరగలేదు. 1893లో దాదాపు 32 వేలు. ఆ ఉద్యమాన్ని నడిపిన కేట్ షెపర్డ్ ఆ కాగితాలను ఒకదానికొకటి అంటించి, చీపురు కర్ర ముక్కకు చుట్టింది. పార్లమెంటులో ఒక సభ్యుడు దాన్ని నేల మీద దొర్లిస్తే, విప్పుకుంటూ పోయి అవతలి గోడకు కొట్టుకుంది. 1893 సెప్టెంబర్ 19న చట్టమైంది. మొదటి ఏడాది తిరస్కరించినప్పుడే ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఆ కర్రకు చుట్టడానికి ఏమీ ఉండేది కాదు.

సోషల్ మీడియాలో షేర్ చేస్తే సరిపోదా?

దెబ్బ తిన్నవాళ్ల సొంత మాటను, వాళ్ల పేరుతోనే, నలుగురికి చేర్చడం మంచి పనే. బాధితుల ఫొటోలు, పిల్లల ముఖాలు, చిరునామాలు మాత్రం షేర్ చేయకండి. తేదీ చూడకుండా పాత వీడియోలు పంపకండి. షేర్ చేసినరోజే, ఫోన్ పక్కనపెట్టి ఒక ఉత్తరం రాయండి.

చట్టం ఉంది కదా, మనం మాట్లాడాల్సిన పనేముంది?

చట్టం కాగితం మీద నిద్రపోతుంది, లేపేవాళ్లుండాలి. అమెరికాలో ప్రభుత్వ డబ్బు తీసుకునే సంస్థలు వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని 1973లోనే చట్టంలో రాశారు. అమలుకు కావాల్సిన నిబంధనలు నాలుగేళ్లు సంతకం కాకుండా ఉండిపోయాయి. 1977 ఏప్రిల్‌లో వికలాంగుల హక్కుల కార్యకర్త జూడిత్ హ్యూమన్, ఆమె సహచరులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయంలో బైఠాయించారు. చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లు, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు మూడు వారాలకు పైగా ఆ నేలమీదే పడుకున్నారు. నిబంధనల మీద సంతకం అయింది.

భయంగా ఉంది. ఉద్యోగం పోతే?

భయం అబద్ధం కాదు. అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌కు ఉద్యోగం పోయింది, 1957లో ఊరే వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఇది చెప్పకుండా ధైర్యం గురించి మాట్లాడేవాళ్లను నమ్మకండి.

ఆమె అలసిపోయి బస్సులో లేవలేదన్న కథ చాలామందికి తెలుసు. ఆమె అప్పటికి పన్నెండేళ్లుగా హక్కుల సంఘంలో కార్యదర్శిగా పనిచేస్తోంది. అదే 1955 వేసవిలో హైలాండర్ అనే శిక్షణ కేంద్రంలో వర్క్‌షాప్‌కు వెళ్లి వచ్చింది. డిసెంబర్ 1న ఆమెను అరెస్టు చేసిన రాత్రే, జో ఆన్ రాబిన్సన్ అనే ప్రొఫెసర్ ఇద్దరు విద్యార్థుల సాయంతో కాలేజీలో తెల్లవార్లూ, బస్సులు ఎక్కవద్దని చెప్పే వేల కరపత్రాలు తీసింది. 381 రోజులు నల్లజాతివాళ్లు ఆ బస్సులెక్కలేదు. ఒక్క మనిషి ధైర్యం కింద అంత ఏర్పాటు ఉంది.

కాబట్టి ఒంటరిగా మాట్లాడకండి. కనీసం ముగ్గురు కలిసి సంతకం పెట్టండి. జరిగినవన్నీ తేదీలతో రాసి, ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా ఇంట్లో పెట్టుకోండి. మీ మీదే ఇల్లు ఆధారపడి ఉంటే ముందు నిలబడకండి, వెనక లెక్కలు రాయండి, కాగితాలు చూడండి. ఆ పనికీ మనుషులు కావాలి.

అన్నీ చేసినా ఏమీ మారకపోతే? నా మాట ఎవరూ గుర్తుపెట్టుకోకపోతే?

అలా జరుగుతుంది. క్లాడెట్ కాల్విన్ గురించి చెబుతాను. రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న, అదే మాంట్‌గోమరీలో బస్సులో సీటు ఖాళీ చేయనన్న అమ్మాయి. వయసు 15. బడిలో రాజ్యాంగం గురించీ, బానిసత్వాన్ని ఎదిరించిన నల్లజాతి ఆడవాళ్ల గురించీ చదువుకుంది. ఆ చదివిందే ఆ రోజు తనను సీట్లోంచి లేవనివ్వలేదని తర్వాత చెప్పింది. ఇది నా రాజ్యాంగ హక్కు అని అరుస్తుండగా పోలీసులు లాక్కెళ్లారు.

పెద్దలు ఆమె కేసును ఉద్యమానికి ముందు పెట్టలేదు, మరీ చిన్నపిల్ల అనుకున్నారు. అయినా 1956లో బస్సుల్లో వేరు సీట్ల మీద కోర్టుకు వెళ్లిన కేసులో ఉన్న నలుగురు ఆడవాళ్లలో ఆమె ఒకరు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆ పద్ధతి రద్దయింది ఆ కేసులోనే. తర్వాత ఆమె న్యూయార్క్ వెళ్లిపోయి, ఏళ్ల తరబడి వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో సహాయకురాలిగా పనిచేసింది. అరెస్టు రికార్డు మాత్రం ఆమె పేరు మీద అలాగే ఉండిపోయింది. దాన్ని కొట్టేయమని ఆమె మళ్లీ కోర్టులో అర్జీ పెట్టుకుంది. 2021లో జడ్జి కొట్టేశారు. అప్పటికి ఆమెకు 82 ఏళ్లు.